సంఘ పరిచర్యలో ఫోన్లు, యాప్‌లు: ఎంతవరకు వాడుదాం?

కొత్తసేవకుడు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా సంఘంలో దాదాపు 120 మంది ఉంటాం. మొన్న పెద్దల కూటంలో ఫోన్ల సంగతి వచ్చింది. ఒకరేమో మందిరంలోకి ఫోన్ తేవొద్దని బోర్డు పెట్టేద్దామన్నారు. ఇంకొకరు మన సంఘానికి సొంత యాప్ చేయిద్దామన్నారు. గంటసేపు మాట్లాడుకున్నా ఏదీ తేలలేదు. చివరికి "నువ్వు కుర్రవాడివి, ఇవన్నీ నీకే తెలుసు, నెల రోజుల్లో ఒక పద్ధతి రాసి తీసుకురా" అని నాకు అప్పజెప్పారు.

నాకు ఫోన్ వాడటం తెలుసు. సంఘంలో ఎలా వాడాలన్నది వేరే సంగతి, అది తెలియదు. ప్రస్తుతం మాకున్నది ఒక్క వాట్సాప్ గ్రూపు. ఆరాధన వేళలు, ప్రార్థన విన్నపాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఫార్వర్డులు అన్నీ అందులోనే పడుతున్నాయి. కూటం మారిందన్న కబురు పెడితే పైకి వెళ్లి ఎక్కడో కలిసిపోతుంది, సగం మంది పాత వేళకే వస్తారు. మీ సంఘాల్లో ఏం చేస్తున్నారు? ఏది పనికొచ్చింది? ఏది ఇబ్బంది పెట్టింది? దయచేసి అనుభవంతో చెప్పండి.

మైకు_వెనకాల | సోమవారం, రాత్రి 10:15

సొంత యాప్ వద్దు బ్రదర్. మేం చేయించాం కాబట్టి చెబుతున్నాను. చేసిపెట్టిన తమ్ముడికి ఉద్యోగం మారింది, వేరే ఊరు వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి ఫోన్ల సాఫ్ట్‌వేర్ మారింది, మా యాప్ తెరవగానే మూసుకుపోవడం మొదలైంది. బాగుచేసే మనిషి లేడు. యాప్ అంటే ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు చూసుకోవాలి. మీ 120 మందికి కావలసింది కబుర్లు అందడమే కదా, దానికి ఇప్పటికే అందరి చేతుల్లో ఉన్నది చాలు.

గ్రూపు గొడవకి మందు సులువు. వాట్సాప్‌లో ఒక గ్రూపుని "అడ్మిన్లు మాత్రమే పంపగలరు" అని సెట్ చేయొచ్చు. వేళలు, స్థలాలు, మార్పులు అందులోనే పెట్టండి, వేరే ఏదీ వద్దు. శుభాకాంక్షలకు ఇప్పుడున్న గ్రూపు అలాగే ఉండనివ్వండి. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడదామనుకుంటే ఒక మెలిక ఉంది, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మేం అది తెలియక మూడు నెలలు "పంపాం కదా" అనుకున్నాం. కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఒక్కటీ చేరలేదు.

ఇక స్క్రీన్ సంగతి. పాటల సాహిత్యం ఫోన్ నుంచి స్క్రీన్ మీదికి వేస్తున్నారా? మా దగ్గర ప్రభువు బల్ల సమయంలో, అందరూ తలలు వంచుకుని ఉండగా, పాట మీద ఎవరిదో అప్పు తీర్చమన్న మెసేజ్ వచ్చి నిలబడింది. ఆ ఫోన్ ఎవరిదో అందరికీ తెలుసు. ఆయన ఆ రోజు తర్వాత రెండు వారాలు మందిరానికి రాలేదు. అప్పటి నుంచి మా నియమం ఒకటే, ఎవరి సొంత ఫోనూ స్క్రీన్‌కి కలపం. ఒక పాత టాబ్ విడిగా పెట్టాం. అందులో సిమ్ లేదు, మెసేజ్ యాప్‌లు లేవు. మీకు అది కుదరకపోతే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేసి, మోతలు ఆపే డు నాట్ డిస్టర్బ్ కూడా పెట్టండి. వైఫై ఉన్నంతసేపు వాట్సాప్ మోగుతూనే ఉంటుంది, అందుకే రెండూ కావాలి.

పాస్టరు గారు టాబ్ చూసి ప్రసంగిస్తుంటే స్క్రీన్ ఆరిపోయే సమయం పెంచండి, తిరిగిపోకుండా రొటేషన్ లాక్ చేయండి. ముఖ్యాంశాలు ఒక కాగితం మీద కూడా ఉండాలి.

కాపరి60 | మంగళవారం, ఉదయం 5:50

బాబూ, నేను మొదట్లో బోర్డు పెట్టినవాణ్ణే. "ఫోన్లు బయట పెట్టి రండి" అని నా చేతులతోనే రాశాను. ఎందుకు తీసేశానో చెబుతాను.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. చూపు తగ్గి బైబిల్ చదవడం మానేసింది, బైబిల్ మాత్రం చేతిలో పట్టుకునే వచ్చేది. ఒకరోజు మనవరాలు ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. ఒక్కో తెరకి నాలుగైదు మాటలే పడుతున్నాయి. ఆవిడ వేలితో పైకి తోసుకుంటూ, పెదవులు కదుపుతూ 23వ కీర్తన మొత్తం చదివింది. నేను ప్రసంగం ఆపి చూస్తూ ఉండిపోయాను. ఆరేళ్ల తర్వాత ఆవిడ తనంతట తాను చదువుకున్నది అదే మొదటిసారి. ఆ వారమే బోర్డు తీసేశాను.

వాక్యం కొత్త పాత్రలోకి మారడం ఇది మొదటిసారి కాదు. ఆదిమ సంఘం చుట్టిపెట్టే గ్రంథాల నుంచి పుటలు కుట్టిన పుస్తకానికి తొందరగా మారింది. 1450ల నడుమ గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ వచ్చింది. 2008 జూలైలో యాపిల్ యాప్ స్టోర్ తెరిచిన రోజుల్లోనే యూవెర్షన్ బైబిల్ యాప్ వచ్చింది, అమెరికాలోని ఒక సంఘం, లైఫ్ చర్చ్ వాళ్లు చేశారు. 2013 నాటికే అది 10 కోట్ల ఫోన్లలోకి ఎక్కింది. ఇవాళ బైబిల్ అంటే ఫోన్‌లోదే అనుకునే పిల్లలు మన మధ్య పెరుగుతున్నారు. వాళ్లని తప్పుపట్టను.

నేను పోగొట్టుకున్నది మాత్రం ఒకటుంది. "రోమీయులకు 8వ అధ్యాయం తీయండి" అన్నాక పుటలు తిప్పే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు ఆగితే అందరూ తీశారని తెలిసేది, అప్పుడు చదివేవాణ్ణి. ఫోన్లకి ఆ చప్పుడు లేదు. కొన్నాళ్లు నేను ముందు వెళ్లిపోయాను, జనం వెనకబడ్డారు. ఇప్పుడు పుస్తకం పేరు, అధ్యాయం, వచనం రెండేసిసార్లు చెప్పి, మనసులో పది లెక్కపెట్టుకుని చదువుతున్నాను.

మందిరంలో ఒక్క మాట అడుగుతాను, "యాప్‌ని ముందే తెరిచి, ఇంటర్నెట్ ఆపేసుకోండి" అని. బైబిల్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. ఇది నిషేధం కాదు కాబట్టి జనం సంతోషంగా వింటున్నారు.

ముందువరుస | మంగళవారం, ఉదయం 8:05

అయ్యగారూ, ఆ బోర్డు తీసేసినందుకు మీకు వందనాలు. అలాంటి బోర్డు ఉంటే ముందుగా బయట నిలబడేది నేనే.

నాకు వినికిడి బాగా తక్కువ. అందుకే ముందు వరుసలో, స్పీకర్‌కి దూరంగా, పాస్టరు గారి పెదవులు కనిపించేచోట కూర్చుంటాను. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని ఒక యాప్ ఉంది, 2019 నుంచి ఉంది. మాట్లాడుతుంటే అక్షరాలుగా చూపిస్తుంది. బైబిల్ పేర్లు వస్తే తప్పులు పడతాయి. మెల్కీసెదెకు అనే పేరు మూడు ముక్కలై మూడు వేరే మాటలుగా వచ్చింది. అయినా ప్రసంగం దారి తప్పకుండా అందుతోంది. మొదటి రోజు వెనక కూర్చున్న ఒక సోదరుడు నా భుజం తట్టి ఫోన్ లోపల పెట్టమన్నాడు. నేను వివరించబోతే అతనికి కోపం వచ్చింది. ఆ రోజు ప్రసంగం నాకు అందలేదు, మనసూ బాగోలేదు.

కాబట్టి బ్రదర్, మీరు పద్ధతి రాసేటప్పుడు "ఫోన్ పట్టుకున్నవాళ్లని ఎవరూ మందలించకూడదు, ఏదైనా ఉంటే పెద్దలకి చెప్పండి" అని ఒక వాక్యం రాయండి. చూపు లేనివాళ్లు తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో అయితే వాయిస్ఓవర్ వాడుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. చూసేవాళ్లకి పాటలు వింటున్నట్టే ఉంటుంది. ఇంకొక కోరిక, ప్రసంగంలో వచ్చే వచనాల జాబితా ముందురోజు రాత్రి గ్రూపులో పెట్టించండి. నాలాంటివాళ్లకి అది పెద్ద ఆసరా.

పాటలపుస్తకం | మంగళవారం, మధ్యాహ్నం 1:20

పాటల గురించి ఒక మాట. చాలా సంఘాల దగ్గర తెలుగు పాటలు అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవి ఉన్నాయి. కంప్యూటర్‌లో ఆ ఫాంట్ ఉన్నంతవరకు బాగానే కనిపిస్తాయి. ఫోన్‌కి పంపితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి. ఫోన్ పాడైందనుకుంటారు. నిజానికి ఆ ఫైల్‌లో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించే బొమ్మలు. అన్ని ఫోన్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చుకోవాలి. మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు పడతాయి. మేం ముగ్గురం కూర్చుని 340 పాటలు వరుస వరుసా చదివి సరిచూశాం, నాలుగు నెలలు పట్టింది. "క్రీస్తు"లో క్రావడి ఎగిరిపోయి "కీస్తు" అని స్క్రీన్ మీద పడితే పాడేవాళ్లు తడబడతారు, అందుకని ఒక్క పాట కూడా చూడకుండా వదల్లేదు. ఇప్పుడు ఏ పాటైనా మొదటి మాట కొడితే ఫోన్‌లో దొరుకుతుంది.

హక్కులు ఉన్న పాటలకి అనుమతి అడగండి. మందిరంలో పాడటం వేరు, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరు.

లెక్కలరాత | మంగళవారం, సాయంత్రం 6:45

కానుకల సంగతి ఎవరూ ఎత్తలేదు. క్యూఆర్ కోడ్ గోడకి అంటించి వదిలేయకండి. దాని మీద వేరే స్టిక్కర్ అతికిస్తే డబ్బు వేరే ఖాతాకి పోతుంది, ఎవరికీ అనుమానం రాదు. నేను ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు నా ఫోన్‌తో స్కాన్ చేసి, సంఘం పేరు వస్తోందో లేదో చూస్తాను. ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, ఏ ఒక్కరి సొంత పేరు మీదా ఉండకూడదు. చూసేవాళ్లు ఇద్దరు ఉండాలి.

ఇంకొకటి, పాస్టరు గారి ఫోటో పెట్టుకుని "అర్జెంటుగా సాయం కావాలి, ఫోన్ చేయకండి, కూటంలో ఉన్నాను" అని కొత్త నంబరు నుంచి మెసేజ్‌లు వస్తాయి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ 2019లోనే ఈ మోసం గురించి హెచ్చరించింది. పాస్టరు పేరుతో గిఫ్ట్ కార్డులు కొనిపించి, వాటి నంబర్లు అడిగి డబ్బు లాగేసేవాళ్లు. మా దగ్గర పాస్టరు గారు పుల్పిట్ మీద నుంచే చెప్పారు, "నేను మెసేజ్‌లో ఎప్పుడూ డబ్బు అడగను, అడిగితే అది నేను కాదు" అని. అది మూడు నెలలకొకసారి మళ్లీ చెబుతారు.

సండేస్కూల్‌అక్క | మంగళవారం, రాత్రి 9:10

పిల్లల గురించి తమ్ముడూ, దీన్ని మాత్రం గట్టిగా రాయి. పెద్దవాళ్లు ఎవరూ పిల్లలతో విడిగా చాట్ చేయకూడదు, మంచి మనసుతోనైనా సరే. పిల్లలున్న గ్రూపు అంటే అందులో కనీసం ఇద్దరు టీచర్లు, వీలైతే తల్లిదండ్రులు ఉండాలి. వాట్సాప్‌కి కనీస వయసు 13. అంతకన్నా చిన్నపిల్లలకి చెప్పాల్సింది అమ్మానాన్నల ఫోన్‌కే పంపుతాను. ఫోటో పెట్టాలంటే ముందు ఇంట్లోవాళ్లని అడుగుతాను, పేరు, స్కూలు, ఇల్లు ఏవీ రాయను.

మాకు బాగా కలిసొచ్చింది ఆడియో. వారం మధ్యలో పిల్లలు కంఠతా వచనం అప్పజెబుతుంటే తల్లులు రికార్డు చేసి నాకు పంపుతారు. ఒక బాబుకి నత్తి ఉంది. క్లాసులో అడిగితే నోరు విప్పేవాడు కాదు. ఇంట్లో పది సార్లు రికార్డు చేసుకుని, నచ్చింది నాకు పంపాడు. వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తోంది. ఆ తర్వాత నెలకి క్లాసులో లేచి నిలబడి చెప్పాడు, మధ్యలో రెండుసార్లు ఆగాడు, పిల్లలు ఎవరూ కదల్లేదు.

ఒక_సోదరి | బుధవారం, తెల్లవారుజాము 1:30

ఇది రాయాలా వద్దా అని రెండు రోజుల నుంచి ఆలోచిస్తున్నాను.

కిందటేడు నాకు ఒక పరీక్ష చేశారు. ఫలితం రావడానికి ఇంకా సమయం ఉంది. టెన్షన్ తట్టుకోలేక ప్రార్థన చేయమని ఒక్క అక్కకి చెప్పాను. ఆ అక్క చెడ్డది కాదు, ఇప్పటికీ నన్ను ప్రేమిస్తుంది. ఎక్కువమంది ప్రార్థిస్తే మంచిదని నా పేరు, ఆసుపత్రి, జబ్బు అనుమానం అన్నీ రాసి మహిళల గ్రూపులో పెట్టింది. ఎవరో దాన్ని ఇంకో సంఘం గ్రూపుకి పంపారు. మర్నాడు సాయంత్రానికి మా అత్తగారి చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. మా వారికి నేను అప్పటికి చెప్పలేదు. ఫలితం వచ్చాక చెబుదామని ఆగాను. ఆయనకి ఆ సంగతి తన పిన్ని నోటి ద్వారా తెలిసింది.

ఫలితం మంచిగానే వచ్చింది, దేవునికి స్తోత్రం. ఆ మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతోంది. నాలుగు నెలల తర్వాత కూడా నాకు తెలియని ఒకావిడ మందిరంలో చేయి పట్టుకుని "ఇప్పుడెలా ఉందమ్మా" అంది. అప్పటి నుంచి నేను ప్రార్థన విన్నపం ఎవరికీ ఇవ్వడం లేదు. అది అన్నిటికన్నా పెద్ద నష్టం అనిపిస్తుంది.

కాపరి60 | బుధవారం, ఉదయం 5:35

అమ్మా, నువ్వు రాసినందుకు వందనాలు. మా గ్రూపుల్లో కూడా ఇది జరిగే ఉంటుందని, నాకు ఎవరూ చెప్పలేదేమో అని ఇవాళ భయం వేసింది.

యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో, రోగియైనవాడు సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది. పిలిచేది రోగి. పిలిపించుకునేది పెద్దలను. మూడో మనిషి ఊరంతా పిలవడం ఆ మాటలో ఎక్కడా లేదు. మనం సంఖ్య పెరిగితే ప్రార్థన బలపడుతుందనుకుని ఆ మనిషి చేతిలో ఉండాల్సిన నిర్ణయం లాగేసుకుంటున్నాం.

మా దగ్గర ఈ వారం నుంచే మారుస్తాను. ప్రార్థన విన్నపం ఎవరిదైతే వాళ్లే చెప్పాలి, లేదా వాళ్లని అడిగి, రాసింది వాళ్లకి చదివి వినిపించి, సరే అన్నాకే పెట్టాలి. జబ్బు పేరు, ఆసుపత్రి పేరు, ఇంటి గొడవ రాయకూడదు. "ఒక సోదరి ఆరోగ్యం కొరకు" అంటే చాలు, ఎవరో దేవునికి తెలుసు.

మైకు_వెనకాల | బుధవారం, ఉదయం 7:50

సిస్టర్, చాలా బాధగా ఉంది.

టెక్నికల్‌గా కొన్ని తెలిసి ఉండాలి. వాట్సాప్ 2016 నుంచి మెసేజ్‌లని ఎన్‌క్రిప్ట్ చేస్తోంది, అంటే దారిలో ఎవరూ చదవలేరు. చేరినవాళ్ల చేతిలో మాత్రం ఆ మెసేజ్ పూర్తిగా తెరిచే ఉంటుంది. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినదాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపనిస్తుంది, 2020 నుంచి అలా పెట్టారు. అది వేగం తగ్గిస్తుంది తప్ప ఆపదు. 24 గంటలకో 7 రోజులకో మాయమయ్యే మెసేజ్‌లు ఉన్నాయి, కానీ ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. సెట్టింగ్ చూసి ధైర్యపడకూడదు. అయ్యగారు చెప్పిన నియమమే అసలు తాళం.

యూరోపియన్ యూనియన్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మత విశ్వాసం, ఆరోగ్యం రెండింటినీ ప్రత్యేకంగా కాపాడాల్సిన సమాచారంగా చూస్తుంది. సంఘం ప్రార్థనా జాబితాలో ఆ రెండూ ఒకే వరుసలో ఉంటాయి. కాబట్టి హాజరు యాప్, ప్రార్థన యాప్ ఏది పెట్టినా ఆ జాబితా ఎవరి సర్వర్‌లో ఉంటుంది, ఎవరు చూడగలరు, చెరిపేయమంటే చెరుపుతారా అని ముందు అడగండి. జవాబు దొరకకపోతే కాగితమే మేలు.

యువజన_గిటార్ | బుధవారం, సాయంత్రం 5:20

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఏఐతో (కృత్రిమ మేధతో) ప్రసంగం రాయించుకోవడం తప్పా? మా యువజన కూటంలో వచ్చే వారం వాక్యం నేను చెప్పాలి, ఒక యాప్ అరనిమిషంలో మొత్తం రాసి ఇచ్చింది. బాగానే ఉంది.

కాపరి60 | బుధవారం, రాత్రి 8:40

బాబూ, 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్ నగరంలో ప్రొటెస్టెంట్ల మహాసభ జరిగినప్పుడు చాట్‌జీపీటీ అనే ఏఐతో రాయించిన ఒక ఆరాధన జరిపారు. దాదాపు 40 నిమిషాలు, 300 మందికి పైగా వచ్చారు. ప్రసంగం తెర మీద బొమ్మ మనుషులు చెప్పారు. కొందరు ఆసక్తిగా చూశారు, అందులో హృదయం లేదని కొందరన్నారు.

వచనాలు వెతకడానికి, ఒక మాట ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూడటానికి వాడుకో. అది ఇచ్చిన ప్రతి వచనం బైబిల్ తెరిచి సరిచూడు, లేని వచనాన్ని ఉన్నట్టు ఇస్తుంది. అపొస్తలుల కార్యములలో బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాల్లో వెతికి చూసుకున్నారు కదా. కానీ ఆ వాక్యం ముందు నిన్ను కదిలించాలి. అరనిమిషంలో వచ్చింది నీ లోపల ఒక్క రాత్రి కూడా నిలవలేదు. నీ స్నేహితులు నీ నోట వినబోయేది ఆ రాత్రినే. పది నిమిషాలే చెప్పు, తడబడినా ఫరవాలేదు, నీదే చెప్పు.

కొత్తసేవకుడు | గురువారం, రాత్రి 10:05

ఇన్ని రాశారు, అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి నుంచి ఒక పని చేశాను. మేం రెండేళ్లుగా ఆరాధన లైవ్ ఇస్తున్నాం. ప్రతి ఆదివారం "35 మంది చూశారు" అని సంతోషపడతాం. ఆ 35 ఎవరు అని ఎప్పుడూ అడగలేదు. పెద్దలతో కూర్చుని, ఇదివరకు వచ్చి ఇప్పుడు రానివాళ్ల పేర్లు రాసుకుని ఆరుగురికి ఫోన్ చేశాను. ఒక పెద్దాయన లైవ్‌లో ప్రతి పాటా నాకు అప్పజెప్పారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఆగిపోయారట. "లైవ్ పెట్టారుగా, నేను ఇక రానక్కర్లేదని అనుకున్నారేమో అనుకున్నా" అన్నారు. నాకు గొంతు పట్టేసింది. రెండో యోహాను పత్రిక చివర, కాగితం, సిరా వద్దు, ముఖాముఖిగా మాట్లాడాలని ఉంది అన్న మాట గుర్తొచ్చింది. ఆదివారం ఆయన్ని తీసుకురావడానికి ఇద్దరు అన్నయ్యలు ఒప్పుకున్నారు, కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కిస్తారు. లైవ్ ఆపట్లేదు, ఆయన రాలేని వారం కావాలి.

పద్ధతి ఒక్క పేజీలో రాశాను. సొంత యాప్ లేదు, బోర్డు లేదు. కబుర్లకి అడ్మిన్ల గ్రూపు, స్క్రీన్‌కి విడి టాబ్, ముందురోజు వచనాల జాబితా, ఫోన్ పట్టుకున్నవాళ్లని మందలించొద్దన్న వాక్యం, పిల్లల విషయంలో అక్క చెప్పింది చెప్పినట్టు, క్యూఆర్ తనిఖీకి ఇద్దరి పేర్లు. సగం పేజీ ప్రార్థన విన్నపాలకే పోయింది. లైవ్ చూసేవాళ్లకి నెలకొక ఫోను, ఎవరు ఎవరికి చేయాలో పేర్లతో.

సిస్టర్, ఒక్కటి అడగాలి. పెద్దల కూటంలో మీరు రాసింది చదవాలనుకుంటున్నాను. అది వింటే ఆ సగం పేజీ ఎందుకో నేను వివరించక్కర్లేదు. మీరు వద్దంటే చదవను.

ఒక_సోదరి | శుక్రవారం, ఉదయం 6:15

అడిగినందుకు సంతోషం బ్రదర్. చదవండి. మా అత్తగారి చెల్లెలి మాట, మా వారి మాట తీసేయండి. మిగతాది చదవొచ్చు.